పాత అంబాసిడర్ బ్రేకులు ఇంట్లో బాగుచేసుకోవడం: మాస్టర్ సిలిండర్ నుంచి చక్రం దాకా

పెడల్ ఒకసారి నొక్కితే కిందికి పోయి, గబగబా రెండు మూడు సార్లు కొడితే పైకొచ్చి బ్రేకు పడుతోందా? అయితే ఆ కారుని ఈరోజు నుంచే పక్కన పెట్టండి. "పంపింగ్ చేస్తే పడుతోంది కదా" అని నెలల తరబడి నడిపేవాళ్లని నేను చాలామందిని చూశాను, నేనూ కొన్నాళ్లు అలాగే నడిపాను. ఎదురుగా పిల్లాడు సైకిలుతో అడ్డం వస్తే రెండోసారి కొట్టే టైమ్ ఉండదు.

నా దగ్గరున్నది 1972 మార్క్ 2. నాన్న కొన్నది, ఇప్పటికీ వారానికోసారి రోడ్డెక్కుతుంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ముకి లోపలి నుంచి లైనింగ్ అంటించిన షూలు ఒత్తుకుని ఆపుతాయి. ఆ షూలని తోసే వీల్ సిలిండర్లు ముందు చక్రాలకి రెండేసి, వెనక ఒక్కోటి, వాటన్నిటికీ ఆయిల్ తోసేది ఒకే ఒక్క మాస్టర్ సిలిండర్. అంటే ఒకటే సర్క్యూట్. ఇప్పటి కార్లలో రెండుంటాయి కాబట్టి ఒకటి పోయినా ఇంకోటి ఎంతో కొంత ఆపుతుంది. మార్క్ 2లో ఏ మూల సిలిండర్‌లో ఆయిల్ ఆపే ఒక రబ్బరు కప్పు చిరిగినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది, మిగిలేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే.

అందుకే నేను చెప్పేది ఒకటే: కారుతున్న చోటు ఒక్కటే బాగుచేసి ఊరుకోకండి. మొదట నేను చేసిన పని అదే. వెనక ఎడమ చక్రం కారితే దానికి కిట్ (కొత్త రబ్బర్ల సెట్టు) వేశాను, నాలుగు నెలలకి ముందు కుడి చక్రం కారింది, దానికీ వేశాను, ఆ తర్వాత ఒకరోజు తాడేపల్లి వైపు నుంచి ప్రకాశం బ్యారేజీ దగ్గరికి వస్తుంటే పెడల్ నేలకి తగిలి అక్కడే ఉండిపోయింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగి పక్కకి ఆపాను, ఎవరికీ ఏమీ కాలేదు. చూస్తే వెనక యాక్సిల్ దగ్గరి రబ్బరు హోసు పగిలింది. ఆ కారులో రబ్బర్లన్నీ ఒకే వయసువి, ఒకే ఆయిల్లో నానినవి, అన్నిటి మీదా పడే ఒత్తిడి కూడా ఒకటే. ఒకటి పోయిందంటే మిగతావి కూడా అదే వరసలో ఉన్నట్టు. ఆరు వీల్ సిలిండర్లు, మాస్టర్, మూడు హోసులు, అన్నీ ఒకే విడతలో విప్పి చూడాలి.

ఇదంతా ఇంట్లో చేసుకోగలిగిన పనే. కాకపోతే తొందర పనికిరాదు, మురికి అసలే పనికిరాదు. రెండు రోజులు పెట్టుకోండి, కారు అవసరం లేని రెండు రోజులు. ఇంతకుముందు డ్రమ్ము కూడా విప్పిన అలవాటు లేకపోతే మొదటిసారి తెలిసిన మెకానిక్‌ని పక్కన ఉంచుకుని చేయండి, రోడ్డెక్కే ముందు అతని చేత ఒకసారి చూపించుకోండి. బ్రేకుల విషయంలో అందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

విప్పే ముందు జబ్బు ఎక్కడో చూడండి

పెడల్ నొక్కితే మెత్తగా, స్పాంజి నొక్కినట్టు ఉంటే లైన్లో గాలి ఉంది. మొదటిసారి బాగా కిందికి పోయి, వెంటనే రెండోసారి నొక్కితే పైన గట్టిగా ఆగితే ముందు షూలు అడ్జస్ట్ చేసి చూడండి, లైనింగ్ అరిగి షూకీ డ్రమ్ముకీ మధ్య దూరం పెరిగినప్పుడు కూడా ఇలాగే అవుతుంది. గట్టిగానే ఉంది, కానీ కాలు అలాగే నొక్కి పట్టుకుంటే మెల్లమెల్లగా దిగిపోతోంది, బయట ఎక్కడా తడి లేదు అంటే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు ఒత్తిడిని ఆపలేక ఆయిల్‌ని వెనక్కి వదిలేస్తోందని అర్థం. తడి కనిపించకుండా ట్యాంకులో ఆయిల్ తగ్గుతుంటే డ్రమ్ము లోపల కారి లైనింగ్‌లోకి ఇంకిపోతూ ఉండొచ్చు. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే బ్రేక్ లైటు స్విచ్ ఉంటే దాని వైరు ఊడదీసి చూడండి, స్విచ్ కొసన తడి కనిపిస్తే అది కూడా కారుతోంది. చాలామంది అన్నీ మార్చి దీన్ని మర్చిపోతారు.

బ్రేకు వేస్తే కారు ఒక పక్కకి లాగుతుంటే ఎక్కువగా రెండు కారణాలుంటాయి: ఒక వైపు లైనింగ్‌కి ఆయిల్ అంటి ఉంటుంది, లేదా ఒక సిలిండర్‌లో పిస్టన్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది.

బ్రేకు పట్టేసి వదలకపోవడం అన్నిటికంటే తికమక పెట్టే జబ్బు. చక్రం జాకీ మీద లేపి తిప్పితే తిరగదు. అప్పుడు ఆ చక్రం బ్లీడ్ నిప్పుల్ (గాలి బయటికి తీయడానికి ఉండే చిన్న స్క్రూ) కొంచెం వదులు చేయండి. ఆయిల్ చిమ్మి, చక్రం తిరగడం మొదలుపెడితే లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందన్నమాట. మళ్లీ పెడల్ నొక్కి పట్టేలా చేసి, ఈసారి హోసుకి మాస్టర్ వైపున ఉన్న నట్టు వదులు చేయండి. అక్కడ వదిలితే చక్రం తిరిగిందా, లోపం మాస్టర్ దగ్గరుంది. అక్కడ వదిలినా తిరగకపోతే హోసే తప్పు: పైకి బాగానే కనిపిస్తుంది కానీ లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసేస్తుంది. మీ కాలి బలానికి ఆయిల్ అవతలికి వెళుతుంది, షూల స్ప్రింగు బలానికి మాత్రం వెనక్కి రాలేదు. నిప్పుల్ వదిలినా కూడా తిరగకపోతే సిలిండరో, షూలో బిగుసుకున్నాయి.

ఆయిల్ విషయంలో ఎవరి మాటా వినకండి

ఈ పాత కార్లకి వాడేది గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్. డాట్ 3 గానీ డాట్ 4 గానీ (ఇవి బ్రేక్ ఆయిల్ గ్రేడ్లు) పోయొచ్చు, రెండూ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. డాట్ 3 కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, డాట్ 4 అయితే 230 దాకా. కానీ ఈ ఆయిల్‌కి గాలిలోని తేమ పీల్చుకునే గుణం ఉంది. 3.7 శాతం నీరు పీల్చుకున్నాక డాట్ 3 మరిగే వేడి 140కి, డాట్ 4ది 155కి పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డ్రమ్ములు కాలిపోయి, ఆ వేడికి సిలిండర్‌లో ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ కింద మిగిలేది ఆవిరే, ఆవిరి నొక్కితే నలుగుతుంది తప్ప షూని తోయదు. పైగా ఆ నీరే సిలిండర్ లోపల తుప్పు పెడుతుంది. సముద్రం దగ్గర, విశాఖలోనో కాకినాడలోనో ఉండే కార్లకైతే లోపల తేమ, బయట ఉప్పుగాలి. సీలు తీయని చిన్న డబ్బాలు కొనండి, తెరిచిన డబ్బాలో మిగిలినది దాచుకుని ఆర్నెల్ల తర్వాత పోయకండి.

ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్, కిరోసిన్, పెట్రోల్, మామూలు గ్రీజు, వీటిలో ఏదీ బ్రేకు రబ్బరుకి తగలకూడదు. కొంచెం తగిలినా రబ్బరు ఉబ్బుతుంది. మా కారుకి ఒకసారి ఒక షెడ్డులో "ఆయిల్ తగ్గింది, టాప్ చేశాను సార్" అని ఏ డబ్బాలోదో పోశారు. పది రోజుల్లో నాలుగు చక్రాలూ పట్టేశాయి, విప్పితే కప్పులు మెత్తగా ఉబ్బి, పిస్టన్ని చేత్తో లాగినా రాలేదు. అప్పుడు రబ్బరనేది ఒక్కటి మిగల్చకుండా అన్నీ మార్చాల్సి వచ్చింది, పైపులన్నీ స్పిరిట్‌తో కడగాల్సి వచ్చింది. అలా జరిగితే ఇంకో దారి లేదు. డాట్ 5 అని సిలికాన్ రకం ఉంది, అది గ్లైకాల్‌తో కలవదు, దాని జోలికి పోకండి.

ఇంకోటి, బ్రేక్ ఆయిల్ పెయింటుని తినేస్తుంది. చుక్క పడితే తుడవడంతో సరిపెట్టకుండా వెంటనే నీళ్లతో కడగండి. పక్కన బకెట్ నీళ్లు, మగ్గు పెట్టుకునే పని మొదలుపెట్టండి.

కావలసినవి

అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన కారు కాబట్టి దీనికి అంగుళాల స్పానర్లు కావాలి. 7/16 నట్టుకి 11 మి.మీ. స్పానర్ దాదాపు పట్టినట్టే ఉంటుంది, 1/2 నట్టుకి 13 కూడా పట్టినట్టే ఉంటుంది, ఆ "దాదాపు" దగ్గరే పైపు నట్టు మూలలు గుండ్రమైపోతాయి. పైపు నట్లకి ఒక పక్క తెరిచి ఉండే రింగు స్పానర్ దొరుకుతుంది, ఫ్లేర్ నట్ స్పానర్ అని అడగండి. పైపు మీదుగా దూర్చితే నట్టుని దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. ఈ పనికి కొనే ఒకే ఒక్క కొత్త పనిముట్టు ఇదే అయినా ఫర్వాలేదు.

మిగతావి: జాకీ, కనీసం రెండు గట్టి స్టాండ్లు, చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మలు, తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్, సర్‌క్లిప్ ప్లయర్ (సిలిండర్ లోపలి రింగు క్లిప్పు తీసేది), సన్నటి పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు, గాజు సీసా, శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ బ్రేక్ క్లీనర్ గానీ, నూలు పోగులు రాలని తెల్ల గుడ్డలు. ఇటుకల మీద కారు నిలబెట్టి కిందికి దూరకండి. ఇటుక ముందు చెప్పి పగలదు.

కిట్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా ఇన్ని లక్షల కార్లు తిరిగిన దేశంలో స్పేర్లు ఒక్కసారిగా మాయం కావు. విజయవాడలో అయితే ఆటోనగర్, హైదరాబాద్ వైపు రాణిగంజ్, చెన్నైలో పుదుపేట, కలకత్తాలో మల్లిక్ బజార్. కొనేటప్పుడు కిట్ ప్యాకెట్ మీది పేరు చూడటంతో ఆగకండి, రబ్బరు కప్పు చేతిలోకి తీసుకుని అంచు వేళ్లతో మడిచి చూడండి. ఎన్నో ఏళ్లు షాపులో పడి ఉన్న రబ్బరైతే మడత దగ్గర సన్నటి పగుళ్లు కనిపిస్తాయి, కొన్ని గట్టిగా ప్లాస్టిక్‌లా ఉంటాయి. అలాంటివి ఊరికే ఇచ్చినా వద్దు. మీ పాత సిలిండర్ పట్టుకెళ్లి దాని సైజుకే అడగండి, మోడల్ పేరు చెప్పి కొంటే ముందువీ వెనకవీ తారుమారయ్యే అవకాశం ఎక్కువ.

చక్రం దగ్గర

కారు సమతలంగా ఉన్న గచ్చు మీద పెట్టండి. వెనక డ్రమ్ము ఊడాలంటే హ్యాండ్ బ్రేకు వదిలేయాలి, కాబట్టి లేపని వైపు చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ఒక యాక్సిల్ పూర్తిచేశాకే ఇంకోదానికి వెళ్లండి. ఒక వైపు విప్పి రెండో వైపు డ్రమ్ము మాత్రం తీసి ఉంచితే స్ప్రింగులు ఎలా ఉండాలో చూసుకోవడానికి కళ్లెదుటే నమూనా ఉంటుంది. ఫోన్‌తో ఫోటోలు ఎలాగూ తీస్తారు, తీయండి, కానీ స్ప్రింగు ఏ రంధ్రంలోకి పోయిందో ఫోటోలో కనిపించని కోణాలు ఉంటాయి.

అడ్జస్టర్ (షూకీ డ్రమ్ముకీ మధ్య దూరం సరిచేసేది) వదులు చేసి, డ్రమ్ము పట్టి ఉంచే స్క్రూలు తీసి, చుట్టూ చెక్క సుత్తితో తట్టుకుంటూ డ్రమ్ము లాగండి. లోపలి దుమ్ము ఊదకండి, కంప్రెసర్ గాలి అసలు కొట్టకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే జీవితాంతం ఉండిపోతుంది. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి.

ఇప్పుడు సిలిండర్ మీది దుమ్ము టోపీ రబ్బరు కొద్దిగా వెనక్కి జరపండి. లోపల తడి కనిపిస్తే కప్పు కారుతోంది. పొడిగా ఉన్నా ఈ విడతలో అన్నీ విప్పుతున్నాం కాబట్టి ముందుకి పోదాం. షూలు తీసి, పైపు నట్టు వదిలించి, సిలిండర్ బయటికి తీయండి. నట్టు రాకపోతే ముందురోజు రాత్రే స్ప్రే కొట్టి వదిలేయడం మంచిది. నట్టుతో పాటు పైపు కూడా తిరుగుతుంటే అక్కడితో ఆపేయండి, ఆ పైపు మెలి తిరిగి విరుగుతుంది, అలాంటి పైపుని ఎలాగూ మార్చాల్సిందే.

పిస్టన్ బయటికి రాకపోతే సుత్తి పని పెట్టుకోవద్దు. సిలిండర్‌ని గుడ్డలో చుట్టి పైపు రంధ్రానికి సైకిల్ పంపు పెట్టి మెల్లగా గాలి కొడితే వచ్చేస్తుంది. కంప్రెసర్‌తో కొడితే తుపాకీ గుండులా దూకుతుంది, వేళ్లు జాగ్రత్త.

ఇక్కడే అసలు నిర్ణయం. సిలిండర్ లోపలి గోడని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, వెలుతురులో పెట్టి చూడండి, తర్వాత వేలి గోరు దాని మీద నడిపించండి. అద్దంలా ఉండి గోరు ఎక్కడా తట్టుకోకపోతే కిట్ వేయొచ్చు. పైపైన మరకలు ఉంటే సన్నటి రాళ్లున్న హోన్‌తో (సిలిండర్ లోపలి గోడ నునుపు చేసే పనిముట్టు), బ్రేక్ ఆయిల్ తడిపి, తేలికగా రెండు మూడు సార్లు తిప్పండి, అంతకంటే వద్దు. గోరు తట్టుకునే గుంటలు ఉంటే ఆ సిలిండర్‌కి ఎంత మంచి కిట్ వేసినా కారుతుంది, ఎందుకంటే కప్పు అంచు ఆ గుంట మీదుగా వెళ్లిన ప్రతిసారీ కొంచెం కోసుకుంటుంది. హోన్‌తో గుంట పోయేదాకా అరగదీస్తే రంధ్రం పెద్దదై కప్పు వదులవుతుంది. అప్పుడు రెండే దారులు: కొత్త సిలిండర్, లేదంటే మంచి లేత్ షాపులో లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ గానీ ఇత్తడి గానీ స్లీవ్ వేయించి మళ్లీ పాత సైజుకి తెప్పించడం. కొత్త సిలిండర్ దొరుకుతున్నంత కాలం నేను స్లీవ్ వైపు పోను. గరుకు కాగితం వేలికి చుట్టి రుద్దడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

బిగించేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కోండి. కొత్త కప్పుల్ని శుభ్రమైన గిన్నెలో కొత్త బ్రేక్ ఆయిల్లో ముంచి తీయండి, సిలిండర్ లోపల కూడా అదే ఆయిల్ పూయండి. కప్పు తెరిచిన నోరు ఎప్పుడూ ఆయిల్ వైపే ఉండాలి, ఒత్తిడి వచ్చినప్పుడు ఆ అంచులు విచ్చుకుని గోడకి అతుక్కుంటేనే ఆయిల్ ఆగుతుంది. తిరగేసి వేస్తే మొదటి నొక్కుడుకే బయటికి వచ్చేస్తుంది. వేలితోనే తోయండి, స్క్రూడ్రైవర్ తగిలిస్తే అంచు చిరుగుతుంది, ఆ చిరుగు కంటికి కనిపించదు. ముందు చక్రం సిలిండర్లు ఎడమవి ఎడమకే, కుడివి కుడికే, రెండిటినీ కలిపే చిన్న పైపుని కూడా మర్చిపోకుండా శుభ్రం చేయండి.

లైనింగ్‌కి ఆయిల్ అంటి ఉంటే పెట్రోల్‌తో కడిగి, మంట మీద కాల్చి మళ్లీ వేసేవాళ్లున్నారు. బయటికి పొడిగా కనిపిస్తుంది, వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి తేలుతుంది. మార్చేయండి, మార్చేటప్పుడు ఒకే యాక్సిల్‌కి రెండు వైపులా మార్చండి.

మాస్టర్ సిలిండర్

నా కారులో ఇది డ్రైవర్ కాళ్ల కింద ఉంది, మ్యాట్ ఎత్తి చిన్న మూత తీస్తే ఆయిల్ ప్లగ్గు కనిపిస్తుంది. మీ కారులో ఎక్కడుందో తెలియకపోతే పెడల్ నుంచి వెళ్లే రాడ్‌ని అనుసరించి చూడండి. కాళ్ల కింద ఉండటం వల్ల మట్టంతా ఆ ప్లగ్గు చుట్టూ పేరుకుంటుంది. ప్లగ్గు విప్పాక తుడిస్తే ఆ మట్టి లోపలికే పోతుంది, కాబట్టి ముందు బ్రష్‌తో, గుడ్డతో మెరిసేలా తుడిచి అప్పుడు విప్పండి. ప్లగ్గుకి సన్నటి గాలి రంధ్రం ఉంటుంది, అది మూసుకుపోయి ఉందేమో చూడండి.

సిలిండర్ దింపి, పుష్‌రాడ్ (పెడల్ నుంచి వచ్చి పిస్టన్‌ని తోసే రాడ్) రబ్బరు తీసి, సర్‌క్లిప్ ఊడదీస్తే లోపలివన్నీ స్ప్రింగు బలానికి బయటికొస్తాయి. ఆగే వాషర్, పిస్టన్, దాని వెనక కొసన సెకండరీ కప్పు, పిస్టన్ ముందు పల్చటి వాషర్, ప్రైమరీ కప్పు, స్ప్రింగు, చివర్న చిన్న వాల్వు. వచ్చిన వరసలోనే తెల్ల గుడ్డ మీద పేర్చండి. ఆ పల్చటి వాషర్ చాలామంది పారేస్తారు, అది లేకపోతే ప్రైమరీ కప్పు పిస్టన్ రంధ్రాల్లోకి నొక్కుకుని చిరుగుతుంది. చివరి వాల్వు డ్రమ్ము బ్రేకులకి అవసరం: పెడల్ వదిలాక కూడా లైన్లో కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచుతుంది, దానివల్ల వీల్ సిలిండర్ కప్పుల అంచులు గోడని వదలవు, గాలి లోపలికి రాదు.

ట్యాంకు నుంచి సిలిండర్‌లోకి రెండు రంధ్రాలు ఉంటాయి. ఒకటి పెద్దది, ఇంకోటి గుండుసూది దూరేంత సన్నది. అందరూ పెద్దదాన్ని చూసి బాగుందనుకుంటారు, కారు ప్రాణం ఆ చిన్నదాంట్లో ఉంది. పెడల్ పూర్తిగా వదిలినప్పుడు లైన్లో ఎక్కువైన ఆయిల్, వేడికి వ్యాకోచించిన ఆయిల్, ఆ రంధ్రం గుండానే ట్యాంకులోకి వెనక్కి పోవాలి. అది మూసుకుపోతే నడిపేకొద్దీ డ్రమ్ములు వేడెక్కి, ఆయిల్ ఉబ్బి, బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. సన్నటి రాగి తీగ ఒక్క పోగు తీసుకుని మెల్లగా దూర్చి శుభ్రం చేయండి. డ్రిల్ బిట్ పెట్టి పెద్దది చేయొద్దు, రంధ్రం అంచు గరుకైతే కప్పుని కోసేస్తుంది.

ఇదే రంధ్రం ఇంకో విధంగా కూడా మూసుకుపోతుంది. బిగించాక పుష్‌రాడ్ పిస్టన్‌ని కొంచెం తోసే ఉంచితే కప్పు అంచు ఆ రంధ్రం మీదే నిలబడిపోతుంది. అందుకే పెడల్ మీద చేయి వేసి నొక్కితే మొదట కాస్త ఖాళీగా కదిలి, తర్వాతే పిస్టన్ తగలాలి. ఆ ఖాళీ లేకపోతే రాడ్ పొడవు తగ్గించండి. పెడల్ వెనక్కి లాగే స్ప్రింగు సాగిపోయి ఉన్నా ఇదే జబ్బు. "అన్నీ కొత్తవి వేశాను, అయినా పది కిలోమీటర్లకి పట్టేస్తోంది" అనే కార్లకి నేను ముందు చూసేది ఇక్కడే.

లోపలి గోడకి పైన చెప్పిన గోరు పరీక్షే, ఇంకా కఠినంగా. మాస్టర్‌లో గుంట కనిపిస్తే కొత్తది కొనండి. బిగించే ముందు దాంట్లో ఆయిల్ పోసి, మొద్దు కొస ఉన్న కర్రతో పిస్టన్‌ని నాలుగైదు సార్లు మెల్లగా తోస్తే లోపలి గాలి చాలావరకు అక్కడే పోతుంది, తర్వాత బోలెడు శ్రమ తగ్గుతుంది.

హోసులు, పైపులు

హోసులు ముందు రెండు, వెనక ఒకటి. పాతవి ఎంత బాగా కనిపించినా మార్చేయమంటాను. విప్పేటప్పుడు ముందు లోహపు పైపు నట్టు, తర్వాత బ్రాకెట్ దగ్గరి నట్టు, చివర్న సిలిండర్ వైపు. హోసు మెలి తిరగకూడదు. రాగి వాషర్లు కొత్తవే వేయండి. బిగించాక స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిప్పి, హోసు టైరుకి గానీ సస్పెన్షన్‌కి గానీ రాసుకోవడం లేదని చూసుకోండి.

ఇనుప పైపులకి తుప్పు ముందు క్లిప్పుల కింద పడుతుంది. క్లిప్పు తీసి చూడకుండా పైపు బాగుందనకండి. కొత్త పైపు చేసుకునేటట్టయితే రాగి నికెల్ మిశ్రమం పైపు వంచడానికి తేలిక, తుప్పు పట్టదు. ట్యూబు కట్టర్‌తో కోయండి, హాక్సా వద్దు, రజను లోపల మిగిలిపోతుంది. కొస విచ్చదీసే ముందు నట్టు పైపుకి ఎక్కించారా అని చూసుకోండి. పాత పైపు కొస ఏ ఆకారంలో ఉందో కొత్తదీ అదే ఆకారంలో ఉండాలి, వేరే ఆకారం అయితే ఎంత బిగించినా చెమ్మ ఆగదు. పనిముట్టు లేకపోతే పాత పైపు నమూనాగా ఇస్తే ఆటోనగర్ లాంటి చోట్ల చేసిస్తారు.

ఎయిర్ తీయడం

ముందు షూలు అడ్జస్ట్ చేయండి: డ్రమ్ము తిరగకుండా పట్టేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి. ముందు చక్రాలకి రెండేసి అడ్జస్టర్లున్నాయి, రెండూ చేయాలి. షూలు దూరంగా ఉండగా ఎయిర్ తీస్తే గంటల తరబడి తీసినా పెడల్ పైకి రాదు, అదంతా గాలే అనుకుని ఆయిల్ వృథా చేస్తారు.

మాస్టర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి దగ్గరి చక్రానికి రండి. డ్రైవర్ కుడివైపు కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. నిప్పుల్‌కి ట్యూబు తగిలించి, రెండో కొస సీసాలో కాస్త పోసిన ఆయిల్లో మునిగి ఉండేలా పెట్టండి. పెడల్ మీద ఒకరు, కింద మీరు. మా ఇంట్లో ఎప్పుడూ మా తమ్ముడే పెడల్ మీద. మా మాటలు ఇంతే:

"నొక్కు."

"నొక్కానన్నయ్యా."

"అలాగే పట్టుకో, వదలకు." నిప్పుల్ తెరుస్తాను, బుడగలతో ఆయిల్ వస్తుంది, మళ్లీ బిగిస్తాను. "ఇప్పుడు వదులు. మెల్లగా."

నిప్పుల్ బిగించకముందే పెడల్ వదిలితే గాలి అదే దారిలో లోపలికి పోతుంది, అందుకే ఎదుటివాడు తన పని చేసి గట్టిగా చెప్పాలి, విన్నాకే మీరు చేయాలి. గబగబా కొట్టకండి, ఆయిల్ నురగ తిరిగి చిన్న చిన్న బుడగలవుతుంది, అవి పైకి తేలడానికి చాలాసేపు పడుతుంది. ప్రతి ఐదారు నొక్కుళ్లకి ట్యాంకు చూసి పోస్తూ ఉండండి. ఒక్కసారి ట్యాంకు ఖాళీ అయితే మాస్టర్‌లోకి గాలి పోయి పని మళ్లీ మొదటికొస్తుంది. లీటరు ఆయిల్ దగ్గర పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. సీసాలోకి వచ్చినది మళ్లీ ట్యాంకులో పోయొద్దు, కాలువలోనూ పోయొద్దు, డబ్బాలో పెట్టి వాడేసిన ఇంజన్ ఆయిల్ తీసుకునే చోట వేరుగా ఇవ్వండి.

నాలుగూ అయ్యాక కూడా కొంచెం మెత్తగా ఉంటే రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ ఒక రౌండు తీయండి. ముందు చక్రాల్లో రెండు సిలిండర్లని కలిపే పైపు దగ్గర గాలి నిలబడే అలవాటుంది, ఆ చక్రాలకి ఇంకో పది నొక్కుళ్లు ఎక్కువ ఇవ్వండి. చివరికి ట్యాంకులో ఆయిల్ మూతి దాకా నింపకుండా అర అంగుళం కింద ఆపండి.

రోడ్డెక్కే ముందు

పెడల్ మీద గట్టిగా, అత్యవసరంగా ఆపేటప్పుడు తొక్కినట్టు తొక్కి ఒక నిమిషం పట్టుకోమనండి. ఆ నిమిషంలో మీరు టార్చి వేసుకుని ప్రతి జాయింటు, ప్రతి బ్యాక్ ప్లేటు (డ్రమ్ము వెనకుండే రేకు) అడుగు, లైటు స్విచ్, అన్నీ తెల్ల కాగితంతో ఒత్తి చూడండి. పెడల్ ఒక వెంట్రుకంత కూడా దిగకూడదు. తర్వాత రాత్రంతా కారు కింద అట్టపెట్టె ముక్కలు పరిచి ఉంచండి, తడి మచ్చ పడితే ఏ చక్రమో అదే చెబుతుంది.

మొదటి పరీక్ష ఖాళీ మైదానంలో, నడిచే వేగంలో, ఒక చేయి హ్యాండ్ బ్రేకు దగ్గర పెట్టుకుని. తర్వాత 20, తర్వాత 40. నేరుగా ఆగుతోందా, పక్కకి లాగుతోందా చూడండి. ఐదారు కిలోమీటర్లు నడిపి దిగి నాలుగు డ్రమ్ముల దగ్గరా చేయి పెట్టండి, తాకకుండా దగ్గరగా. ఒకటి మాత్రం మిగతావాటి కంటే కాలిపోతుంటే అక్కడ షూ అంటుకుంటోంది, అడ్జస్టర్ ఒక మెట్టు వదులు చేసి మళ్లీ చూడండి.

వారం తర్వాత మ్యాట్ ఎత్తి ఆయిల్ చూడండి, నెలకి ఇంకోసారి. తగ్గకపోతే లీకు కోసం డ్రమ్ములు విప్పే పని లేదు. ఒక్క గీత తగ్గినా ఆయిల్ పోసేసి ఊరుకోవద్దు, ఎక్కడికి పోయిందో దొరికేదాకా వెతకండి. ఆయిల్ మాత్రం రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. నేను మార్చిన నెల, సంవత్సరం పెయింటు పెన్నుతో మాస్టర్ మూత లోపలి వైపు రాసి పెట్టాను.